ఎనిమిది వందల చొక్కాలు, ముప్పై రోజులు

ప్రశ్న: మూడేళ్లుగా ఒక చిన్న దుస్తుల బ్రాండు నడుపుతున్నాను. సేంద్రియ పత్తి, సహజ రంగులు, కొన్ని వెదురు బట్ట చొక్కాలు. ముగ్గురు టైలర్లు, ఒక కటింగ్ మాస్టర్, నేను. ఖర్చులో కుట్టుకూలి వాటా 30 శాతం. బయట ఇచ్చేదానికన్నా పీసుకు ఎక్కువే ఇస్తాను. 14 డిజైన్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 5 సైజుల్లో, 3 రంగుల్లో. ఖర్చుకు రెట్టింపు ధర పెడుతున్నాను. నెలకు 200 పీసుల దాకా అమ్ముడవుతాయి. అయినా చేతిలో డబ్బు మిగలడం లేదు, నేను ఇంతవరకు జీతం తీసుకోలేదు. అట్టపెట్టెల్లో 430 పీసులు పడి ఉన్నాయి. ధర ఎక్కువ అని కొనేవారు అంటున్నారు. ఇంతలో ఒక పెద్ద దుకాణాల సంస్థ 800 చొక్కాలు అడిగింది. 30 రోజుల్లో ఇవ్వాలి, నా అమ్మకం ధరలో సగానికి. డబ్బు సరుకు అందిన 90 రోజులకు ఇస్తారు. బయట ఒక యూనిట్ వాళ్లు నేనిచ్చే కూలిలో 60 శాతానికే కుట్టిపెడతామంటున్నారు. ఈ ఆర్డరు తీసుకోవాలా? ధర తగ్గించాలా? సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొనేవారికి నమ్మకం పెరుగుతుందా? అసలు విలువలు వదులుకోకుండా ఈ వ్యాపారం నిలబడుతుందా?
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ నాలుగో ప్రశ్నను విడిగా తీసుకోను. దాని జవాబు మొదటి మూడింటిలోనే దొరుకుతుంది. ఆర్డరుతో మొదలుపెడతాను. అవతలివాళ్లు జవాబు కోసం ఎదురుచూస్తుంటారు, మీకు నిద్ర పట్టనివ్వనిదీ అదే అయి ఉంటుంది.

ముందు రోజుల లెక్క. పూర్తి చొక్కాను ఒకే టైలరు మొదటినుంచి చివరిదాకా కుట్టే చిన్న వర్క్‌షాపులో, రెండు ముక్కల కాలరు, కఫ్‌లు, జేబు, కాజాలు అన్నీ కలిపి ఒక్కో చొక్కాకు 80 నిమిషాలు పడుతుందనుకుందాం. మీ దగ్గర ఎంత పడుతుందో గడియారం పెట్టి చూడండి, తేడా ఉంటే నా అంకె కొట్టేసి మీది రాసుకోండి. ఎనిమిది గంటల రోజులో 480 నిమిషాలున్నా, దారం తెగడం, సూది మార్చడం, మాస్టర్‌తో మాట్లాడటం, టీ, కాస్త నడుం వాల్చడం పోను చేతికి వచ్చేది 336 నిమిషాలకు మించదు. అంటే మనిషికి రోజుకు 4 చొక్కాలు, ముగ్గురికి 12. ఎనిమిది వందలు కావాలంటే 67 పనిదినాలు. అదీ మీ సొంత సరుకు ఒక్కటీ ముట్టుకోకుండా.

వాళ్లు అడిగింది 30 రోజులు. కాబట్టి ఈ ఆర్డరు మీ వర్క్‌షాపుకు వచ్చింది కాదు. మీ పేరు మీద ఆ బయటి యూనిట్‌కు వచ్చింది.

ఇక డబ్బు. మీ పుస్తకాలు నేను చూడలేదు కనుక అంకెలు ఉజ్జాయింపుగా తీసుకుంటాను. ఒక చొక్కాకు మీరు లెక్కపెడుతున్న ఖర్చు 100 అనుకుందాం. అందులో గుడ్డ, కుట్టుకూలి, దారం, గుండీలు, లేబుల్, ఇస్త్రీ, ప్యాకింగ్ ఉంటాయి. రెట్టింపు ధర అంటే 200. కాగితం మీద వందకు వంద లాభం. మరి డబ్బు ఎక్కడికి పోతోంది? మీరు రాయని వరుసల్లోకి. శాంపిళ్లకు, చెడిపోయిన పీసులకు 8. ఫోటోలకు, వెబ్‌సైటుకు 12. డెలివరీ, చెల్లింపుల కమిషన్, వాపసు వచ్చిన సరుకు కలిపి 12. అద్దె, కరెంటు 10. మూడేళ్లుగా మీరు తీసుకోని మీ జీతం 20. ఇవన్నీ కలిపితే అసలు ఖర్చు 162. మిగిలేది 38. సీజను చివర మూడో వంతు సరుకును సగం ధరకు వదిలించుకుంటే, చొక్కాకు సగటున వచ్చేది 167 కూడా ఉండదు. మిగిలేది అయిదు లోపే. మీ చేతిలో డబ్బు నిలవకపోవడంలో రహస్యం ఇంతే.

ఇప్పుడు ఆ సంస్థ ఇస్తామన్నది 100. వాళ్లకు అమ్మేటప్పుడు ఫోటోలూ డెలివరీలూ ఉండవు, ఆ 24 తీసేద్దాం. ఖర్చు 138. చొక్కాకు 38 నష్టం. అద్దె ఎటూ కట్టేదే కదా, దాన్ని ఈ ఆర్డరు నెత్తిన ఎందుకు రుద్దాలి అని మీరు అడగవచ్చు. సరే, రుద్దవద్దు. మీ జీతాన్నీ యథాప్రకారం వదిలేయండి. అప్పటికీ 108 అవుతుంది. వంద వచ్చేచోట నూటఎనిమిది.

మరి మీకు ఇది లాభసాటిగా ఎందుకు కనిపించింది? బయటి యూనిట్ వల్ల. కుట్టుకూలి 30 ఉన్నది 60 శాతానికి దిగితే 18 అవుతుంది. 108లోంచి 12 పోతే 96. వంద రాబడికి తొంభైఆరు ఖర్చు, నాలుగు మిగులు. ఆ నాలుగు ఎవరి దగ్గరినుంచి వచ్చాయో ఒక్కసారి వేలు పెట్టి చూపించండి. గుడ్డ ధర తగ్గలేదు, గుండీలు చవక కాలేదు, కొనుగోలుదారు పైసా పెంచలేదు. కుట్టే మనిషి కూలిలోంచి 12 తీశారు, అందులో 8 నష్టం పూడ్చడానికి పోయింది, 4 మీకు మిగిలింది. ఈ ఆర్డరు కుట్టేవారి కూలి కోస్తే తప్ప గిట్టదు. అందుకే ఇప్పుడున్న షరతులతో దీన్ని తీసుకోవద్దంటున్నాను. మీ బ్రాండు ఏ విలువల మీద నిలబడిందని ఎవరైనా అడిగితే నేను సేంద్రియ పత్తిని చూడను. ఆ 30, 18గా మారిందా లేదా అని చూస్తాను.

ఇది చదివి నన్నో మహానుభావుడి లెక్కన జమకట్టకండి. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాంటి ఆర్డరే తీసుకున్నాను. పని ఇచ్చిన యూనిట్‌ను స్వయంగా చూసి వచ్చాను. శుభ్రంగా ఉంది, గాలి వెలుతురు ఉన్నాయి, మెషిన్లు బాగున్నాయి. తానులు పంపాను, సరుకు గడువులోపలే వచ్చింది, సంతోషించాను. పీసులు పరిశీలిస్తుంటే పక్క కుట్టు దగ్గర చెయ్యి ఆగింది. అంగుళానికి 12 కుట్లు ఉండాలని రాసిచ్చాను. కొన్ని చొక్కాల్లో 12 ఉన్నాయి, కొన్నింట్లో 8. దారం రంగు కూడా ఒక ఛాయ తేడా. అవి నేను చూసి వచ్చిన మెషిన్ల మీద పుట్టిన చొక్కాలు కావు. ఇంకో చొక్కా మడత విప్పితే చేతిలోంచి చిన్న కాగితం ముక్క జారిపడింది. పెన్సిల్‌తో ఎవరో లెక్క రాసుకున్నారు: రాత్రి 9కి 4, 11కి 7, 1కి 9. చివరి రెండు గంటల్లో రెండే కుట్టారు. ఎవరు కుట్టారో, ఏ ఇంట్లో కుట్టారో, ఆ తొమ్మిదింటికి ఎంత ముట్టిందో నేను ఎంత అడిగినా తెలియలేదు. యూనిట్ యజమాని సగం పనిని ఇంకొకరికి ఇచ్చాడు, ఆ ఇంకొకరు ఇళ్లకు పంచారు. నేనిచ్చిన గడువు అతనికి వేరే దారి ఉంచలేదన్నది కూడా నిజమే.

పెద్ద స్థాయిలో ఇది ఎక్కడిదాకా వెళుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా కూలింది. 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింద అంతస్తులోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని కుట్టుపనివారిని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు, సరుకు పంపాల్సిన గడువు ముంచుకొస్తోందని. శిథిలాల్లో తమ లేబుళ్లు దొరికాక కూడా కొన్ని సంస్థలు అక్కడ తమ పని జరుగుతున్నట్లు తెలియదన్నాయి. అబద్ధమాడిన వాళ్లూ ఉండవచ్చు. కానీ నిజంగానే తెలియకపోవడానికి ఆస్కారం ఎలా ఏర్పడుతుందో ఆ కాగితం ముక్క చూశాక నాకు అర్థమైంది.

అలాగని ఆర్డరును మొహాన కొట్టమనడం లేదు. వచ్చిన అవకాశం కాళ్ల దగ్గర పడి ఉంది, దాన్ని మీ కొలతలకు సరిపడేలా కత్తిరించండి. మొదట చొక్కానే మార్చండి. జేబు తీసేయండి, రెండు ముక్కల కాలరు బదులు పట్టీ కాలరు పెట్టండి, కఫ్ తీసి చేతికి మామూలు మడత కుట్టు వేయండి. 80 నిమిషాల చొక్కా 55 నిమిషాల్లో అయిపోతుంది. నిమిషానికి మీరిచ్చే కూలి పైసా తగ్గదు, అయినా కూలి ఖర్చు 30 నుంచి 21కి దిగుతుంది. గుడ్డ కూడా కాస్త తక్కువ పడుతుంది. ఆ 138 సుమారు 125 అవుతుంది. ఖర్చు తగ్గించడానికి ఇంత చోటు డిజైన్ కాగితం మీదే ఉంటే, అందరూ ముందు టైలర్ కూలి వైపే ఎందుకు చూస్తారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. డిజైనర్ ఎదురు మాట్లాడతాడు, టైలర్ మాట్లాడడు, అందుకేనేమో.

ఆ తర్వాత సంఖ్య, గడువు. రెండు నెలల్లో 52 పనిదినాలు. మీ సొంత 400 పీసులకు పట్టే సమయం పోగా మిగిలిన నిమిషాల్లో ఈ కొత్త చొక్కాలు 370 దాకా అవుతాయి. మీరు 300కే ఒప్పుకోండి. జ్వరాలు, పండుగలు, కరెంటు కోతలు, ఆలస్యంగా వచ్చే తానులు ఆ 70లో ఇమిడిపోతాయి. ధర 135. అంతకన్నా కిందికి దిగకండి. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. సగం ధరకు కొనడం వాళ్ల అలవాటు, ఎక్కువ దుకాణాల లెక్క అలాగే నడుస్తుంది. ఒప్పుకోకపోతే ఈ బట్టలు మీరు నేరుగా అమ్ముకోవాల్సినవే, దుకాణం ద్వారా అమ్మడానికి పనికిరావు అని ఖర్చు లేకుండా తెలిసినట్టే.

చెల్లింపు విషయంలో మాత్రం పట్టు సడలించవద్దు. 90 రోజుల అరువు అంటే మిల్లుకు ముందే డబ్బు కట్టి, టైలర్లకు వారం వారం కూలి ఇచ్చి, ఒక పెద్ద సంస్థకు మీరు వడ్డీ లేని అప్పు ఇవ్వడం. 2020లో మహమ్మారి మొదలైనప్పుడు పెద్ద బ్రాండ్లు కుట్టేసిన సరుకును కూడా వద్దన్నాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు రద్దయ్యాయి లేదా ఆగిపోయాయి అని అక్కడి ఎగుమతిదారుల సంఘం లెక్క చెప్పింది. అప్పుడు ఇబ్బంది పడినవి పెద్ద ఫ్యాక్టరీలు. అట్టపెట్టెల మధ్య కూర్చున్న మీరు ఎంతకాలం తట్టుకుంటారు? సగం ముందుగా, మిగతాది సరుకు చేరిన 30 రోజుల్లో, మధ్యలో రద్దు చేస్తే కోసిన గుడ్డకూ కుట్టిన పీసుకూ పూర్తి డబ్బు. కాగితం మీద ఉండాలి. నోటిమాట నీటిమూట.

ధర ఎక్కువ అంటున్నారన్నారు. పైన చూశారు కదా, తగ్గించడానికి మీ దగ్గర ఏమీ లేదు. ఎక్కువ అన్నవాళ్లలో సగంమంది సగం ధర పెట్టినా కొనరు. నాకు మీ ధర కన్నా మీ రకాలు భయం పుట్టిస్తున్నాయి. 14 డిజైన్లు, 5 సైజులు, 3 రంగులు. గుణిస్తే 210 రకాలు. నెలకు 200 అమ్ముతున్నారు. అంటే నెలకు ఒక్కో రకంలో సగటున ఒక్కటి కూడా కదలడం లేదు! ఆ 430 పీసులు ఇక్కడినుంచే పుట్టాయి. ఒక్కో రకంలో రెండేసి మిగిలితే చాలు, గది నిండిపోతుంది. పైగా అన్ని రంగుల కోసం మిల్లు దగ్గర చిన్న చిన్న తానులు కొంటూ ఉంటారు, చిన్న కొనుగోలుకు ఎక్కువ ధర పడుతుంది, రెండోసారి అదే ఛాయ దొరకదు.

అయిదు డిజైన్లు ఉంచండి. రెండు రంగులు, అందులో ఒకటి అసలు రంగే వేయని సహజ గుడ్డ. 50 రకాలు. తొమ్మిది డిజైన్లు తీసేయమంటే మీకు ప్రాణం విలవిల్లాడుతుందని తెలుసు, ఒక్కోదాని వెనుక ఎన్ని రాత్రులున్నాయో. అయినా తీసేయండి. కొత్తది ఏదైనా చేయాలనిపిస్తే ముందు ఆర్డర్లు తీసుకుని, మూడు వారాల్లో కుట్టి ఇస్తామని చెప్పండి. ఆగలేని వాళ్లు వెళ్లిపోతారు, వాళ్ల కోసం మిగిలిపోయే సరుకు కూడా ఉండదు. పర్యావరణం గురించి ఎన్ని కబుర్లు చెప్పినా, ఎవరూ తొడగని చొక్కా కన్నా పెద్ద వృథా ఈ వ్యాపారంలో లేదు. ఆ పత్తికి పోసిన నీరు, ఆ మర తిప్పిన కరెంటు, ఆ 80 నిమిషాలు అన్నీ పెట్టెలో ఉన్నాయి.

లేబుళ్ల సంగతికి వస్తే, మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసిన మాట ‘వెదురు బట్ట’. వెదురును పచ్చిగా వడికి తీసే నార వేరు, చాలా అరుదు, ముతకగా ఉంటుంది. మార్కెట్లో మెత్తగా జారిపోతూ దొరికేది విస్కోస్. వెదురు గుజ్జును కాస్టిక్ సోడాతో, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి పోగులుగా లాగినది. కార్బన్ డైసల్ఫైడ్ పీల్చే కార్మికుల నరాలను దెబ్బతీస్తుంది. అలా తయారైనదాన్ని వెదురు అని రాయకూడదు, రేయాన్ (విస్కోస్ అందులో ఒక రకమే) అని రాయాలి అంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచి కంపెనీల మీద చర్యలు తీసుకుంటూ వస్తోంది. 2022లో రెండు పెద్ద దుకాణాల సంస్థలు ఈ కారణంతోనే మొత్తం 55 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. మీరు తెలిసి మోసం చేశారని అనడం లేదు, అమ్మినవాడు చెప్పింది నమ్మారు. ఈరోజే ఆ మాట మార్చి ‘వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్’ అని రాయండి. ఆ మెత్తదనమే కావాలనుకుంటే లయోసెల్ చూడండి. అదీ చెట్ల గుజ్జే, కానీ కరిగించే ద్రావకాన్ని బయటికి వదలకుండా దాదాపు మొత్తం తిరిగి పట్టి వాడతారు.

సర్టిఫికెట్ గురించి చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సేంద్రియ బట్టలకు ఎక్కువ పేరున్న ప్రమాణం గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్, పొట్టిగా జీఓటీఎస్. దాని గుర్తు వేయాలంటే నారలో కనీసం 70 శాతం సేంద్రియం అయి ఉండాలి, ‘సేంద్రియం’ అన్న లేబుల్‌కు 95 శాతం. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ధ్రువీకరణ గొలుసులో ప్రతి కొలికికీ ఉండాలి. నూలు మిల్లు, నేత, రంగు, కుట్టు అన్నిటికీ. మీరు ధ్రువీకరించిన గుడ్డ కొన్నా, మీ కుట్టు గదికి ధ్రువీకరణ లేకపోతే చొక్కా మీద ఆ గుర్తు వేయకూడదు. ‘జీఓటీఎస్ గుడ్డతో చేసినది’ అని కూడా రాయకూడదు. ముగ్గురు టైలర్ల వర్క్‌షాపు ఏటేటా ఆ తనిఖీ ఖర్చు భరించడం నాకు తెలివైన పనిగా కనిపించదు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని ఇంకొకటి ఉంది, 1992 నుంచీ. అది బట్టలో హానికర రసాయనాలు ఉన్నాయా అని పరీక్షిస్తుంది. పత్తి సేంద్రియమా కాదా, కుట్టినవారికి కూలి అందిందా అన్నది దాని పని కాదు. దాన్ని చూపించి పర్యావరణ ప్రమాణం అంటూ అమ్మేవాళ్లను చూస్తే నవ్వు వస్తుంది.

కాగితం మీద కూడా గుడ్డిగా నమ్మకం పెట్టుకోవద్దు. 2020లో భారతదేశంలో దొంగ ధ్రువపత్రాలతో సేంద్రియంగా చలామణి అయిన ముడి పత్తి 20,000 టన్నుల దాకా ఉందని జీఓటీఎస్ సంస్థే బయటపెట్టింది. అందుకని మిల్లును ‘సర్టిఫికెట్ ఉందా’ అని అడగవద్దు, అందరి దగ్గరా ఉంటుంది. మీరు కొన్న ఆ లాటుకు సంబంధించిన ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఒక్క అమ్మకానికే ఇచ్చే ధ్రువపత్రం, అడగండి. జీఓటీఎస్ వెబ్‌సైటులో మిల్లు పేరు వెతకండి. దొరికిన కాగితాలన్నీ లాటు వారీగా ఫైలులో పెట్టుకోండి. కొనేవారికి గుర్తులు వద్దు. ‘పత్తి సేంద్రియం, దారం పాలియెస్టర్, గుండీలు కొబ్బరి చిప్పవి, కుట్టింది మా దగ్గరే, 80 నిమిషాలు పట్టింది’ అని రాస్తే చాలు. దారం పాలియెస్టర్ అని మీరే చెప్పాక మిగతాది నమ్ముతారు.

సహజ రంగుల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. రంగు ఏ చెట్టుదన్నది సగం కథే. ఆ రంగు గుడ్డను పట్టుకోవడానికి ఏం కలిపారు? పటిక అయితే దిగులు లేదు. ముదురు రంగుల కోసం మైలుతుత్తమో, క్రోమియం లవణాలో వాడితే ఆ నీళ్లు ఎటు పోతున్నాయో మీరు చూడాలి. మామూలు రసాయన రంగుల్లోనూ గుడ్డకు అంటకుండా కడుగులో పోయే భాగం గణనీయంగా ఉంటుంది. మంచి శుద్ధి వ్యవస్థ ఉన్న రసాయన రంగుల యూనిట్, వెనుక కాలవలోకి వదిలేసే సహజ రంగుల యూనిట్ రెండూ ఉంటే నేను మొదటిదానికే ఓటేస్తాను. మీ రంగులవారి దగ్గరికి చెప్పకుండా వెళ్లి, ముందు గదిలో కూర్చోకుండా నేరుగా పెరట్లోకి నడవండి. రంగు నిలుస్తుందా లేదా అన్నది ఇంట్లోనే తేలుతుంది: తెల్ల నూలుగుడ్డ తడిపి చొక్కా మీద పదిసార్లు గట్టిగా రుద్దండి. తెల్లగుడ్డ నీలం అయితే కొనేవారి సోఫా కూడా నీలం అవుతుంది, వాపసు ఖర్చు మీది.

చివరగా మీరు అడగనిది ఒకటి. పీసుకు ఎక్కువ ఇస్తున్నామని రాశారు. మంచిదే. కానీ గుడ్డ రానిరోజు టైలరు ఏం తింటాడు? పీసు కూలిలో పని లేని రోజు నష్టం కుట్టేవారి నెత్తిన పడుతుంది, ఆలస్యం చేసింది మిల్లయినా, సరిగ్గా అంచనా వేయనిది మీరయినా. రేటు పదో పరకో పెంచి చేతులు దులుపుకోవడం కన్నా, నెలకు ఇంత అని ఖాయమైన జీతం పెట్టి, పైన చేసినదానికి అదనం ఇవ్వడం న్యాయం. రోజుకు 8 గంటలు, వారానికి 48 అన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందం. ఆ పైన పనికి కనీసం ఒకటింపావు రేటు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మీరున్న చోటి చట్టం ఇంకా ఎక్కువ చెబితే అది ఇవ్వండి. ఇప్పుడున్న పరిస్థితిలో ఖాయం జీతం భారమే. 210 రకాలు 50కి దిగితే అందులో కొంత అక్కడే దొరుకుతుంది. మిగతాది ధరలో కలపాలి. అవును, పెంచమంటున్నాను.

అట్టపెట్టెల్లోని 430 పీసుల్లో, నా అనుభవం ప్రకారం, మరీ చిన్నవీ మరీ పెద్దవీ ఎక్కువ ఉంటాయి. సగం ధర బోర్డు పెట్టకండి. ఒకసారి పెడితే మీ దగ్గర కొనేవారు ఆ బోర్డు కోసమే ఆగడం నేర్చుకుంటారు. మాస్టర్‌ను కూర్చోబెట్టి, పెద్ద సైజులను విప్పి మధ్య సైజులుగా కోయగలరేమో చూడండి. ఒక్కో పీసుకు 25 నిమిషాలు దాటితే వదిలేయండి. మిగిలినవి పాత కొనుగోలుదారులకు, సైజు ముందే తెలుసు కనుక, నేరుగా ఫోను చేసి చెప్పండి. ఇదివరకు కొన్న చొక్కాకు గుండీ ఊడినా చంక చిరిగినా తెచ్చివ్వమని అదే ఫోనులో అడగండి. బాగుచేతకు వచ్చిన పది చొక్కాలు చూస్తే మీ కుట్టు ఎక్కడ బలహీనంగా ఉందో తెలుస్తుంది. ఏ సర్వే పెట్టినా అది తేలదు.

ఆ సంస్థకు జవాబు మాత్రం వెంటనే రాయండి: కొత్త నమూనా చొక్కా, 300 పీసులు, 60 రోజులు, ధర 135 లెక్కన, సగం ముందుగా. పంపే ముందు మీ ముగ్గురు టైలర్లనూ మాస్టర్‌నూ కూర్చోబెట్టి దాన్ని చదివి వినిపించండి. 55 నిమిషాలు అన్న నా అంకె తప్పో ఒప్పో చెప్పాల్సింది వాళ్లే.